ఇటుకకి అంటని దారం

మా ఇల్లు కట్టేటప్పుడు సాయంత్రాలు పాతింటి నుంచి తెచ్చుకున్న కుర్చీలో కూర్చుని పని చూసేవాణ్ణి. పని తెలియని యజమాని చేయగలిగింది అదొక్కటే. గోడకి ఈ చివరొక మేకు, ఆ చివరొక మేకు, నడుమ బిగలాగిన నైలాన్ దారం. ఓ కుర్రాడు పెట్టిన ఇటుక దారాన్ని ఆనుకుంది. మేస్త్రీ తాపీ పిడితో దాన్ని టక్కున వెనక్కి కొట్టాడు.

"వెంట్రుకంత సందు వదలాల్రా. ఇటుక తగిలితే దారం జరుగుద్ది. దాన్ని చూసి పెట్టేది ఇంకాస్త జరుగుద్ది. గోడకి పొట్టొచ్చుద్ది."

గీతకి పొడవే తప్ప వెడల్పు ఉండదని బళ్ళో చదివినప్పుడు మేమంతా నవ్వుకున్నాం. వెడల్పు లేనిది కంటికెలా ఆనుతుంది? క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ అలాగే రాశాడు. బిందువుకైతే భాగాలే లేవన్నాడు. మేస్త్రీకి ఆ పేచీ లేదు. అతని లెక్కలో దారం గీత కాదు, గీత ఎక్కడుందో చూపించే ఆనవాలు. అందుకే ఇటుకని అంటనివ్వడు.

గీతకీ దారానికీ చుట్టరికం పాతదే. లాటిన్‌లో 'లీనియా' అంటే నారదారం. మన శుల్బసూత్రాల పేరు చూడండి: శుల్బం అంటే తాడు, సూత్రం అంటే దారం. యజ్ఞవేదికలు తాళ్ళతో కొలిచేవాళ్ళు మరి. అయితే ఏ దారమూ తిన్నగా ఉండదు. గోడ పొడుగైతే మధ్యలో జారుతుంది. మేస్త్రీ అక్కడొక ఇటుక ఎత్తు పెడతాడు. యూక్లిడ్ గీతకి ఆ బాధ లేదు, ఎంత కావాలంటే అంత సాగదీసుకోవచ్చు. అంతే అన్నాడు గానీ, అనంతంగా ఉందని మాత్రం అనలేదు. జాగ్రత్తపరుడు.

ఓ పక్క కూలీలు మూడు ఇటుకల పొయ్యి మీద టీ కాచుకునేవాళ్ళు. ఎగుడుదిగుడు నేలే, అయినా గిన్నె ఊగేది కాదు. నా నాలుగు కాళ్ళ కుర్చీ మాత్రం టకటకలాడేది. ఒకే వరసలో లేని మూడు బిందువులు ఎలా పెట్టినా ఒక తలంలో ఇముడుతాయి. నాలుగోది ఇమిడి తీరాలని రూలేం లేదు.

అనంతం అనగానే మనం ఆకాశం వంక చూస్తాం. 1877లో గణితవేత్త కాంటర్ చూసింది ఒక చిన్న గీత వంక. ఆ గీత మీద ఎన్ని బిందువులో, దాని మీద నిలబెట్టిన చదరం నిండా అన్నే బిందువులని తేల్చాడు. ఉపాయం చూస్తే పిల్లల ఆటలా ఉంటుంది. చదరంలో ఒక చోటు చెప్పాలంటే రెండు కొలతలు కావాలి: అడ్డం 0.37..., నిలువు 0.52... అనుకోండి. దీన్నుంచి ఒక అంకె, దాన్నుంచి ఒక అంకె జడలా అల్లితే 0.3572... అవుతుంది. రెండు కొలతలు పోయి ఒక్కటే మిగిలింది, అంటే గీత మీద ఒక్క చుక్క. అందులో చిన్న చిక్కుందని స్నేహితుడు డెడెకిండ్ పట్టుకుంటే, కాంటర్ సరిచేశాడు. కనిపిస్తోంది గానీ నమ్మలేకపోతున్నానని అతనికే ఉత్తరం కూడా రాశాడు, పాపం.

అంటే ఆ రెండు మేకుల మధ్య, మా హాలు నేల మీద ఉన్నన్ని బిందువులూ ఉన్నాయన్నమాట. మేస్త్రీకి చెబుదామని లేచాను. అప్పటికే చీకటి పడుతోంది. మేకులు పీకి, దారాన్ని పుల్లకి చుట్టి, చొక్కా జేబులో వేసుకుంటున్నాడు.