చదువు వినెడి కుక్కలు

అమెరికాలో యూటా రాష్ట్రమునకు ముఖ్యపట్టణమగు సాల్ట్ లేక్ సిటీ వసాచ్ పర్వతముల చెంత నున్నది. ఆ కొండలకంటె నచ్చటి పౌరగ్రంథాలయమే మమ్ము నెక్కువగా నాకర్షించినది. పిల్లలు కుక్కలకు కథలు చదివి వినిపించు పద్ధతి 1999వ సంవత్సరమున నచ్చటనే యారంభమైనది.

ఎనిమిదేండ్ల బాలిక యొకతె మాటమాటకును తడఁబడుచుండెను. తర్ఫీదు పొందిన కుక్క యామె యొడిలో తలయుంచి పరుండెను. అది నవ్వలేదు, తొందరపెట్టలేదు. (మన యిండ్లలో నైనచో మొట్టికాయ సిద్ధము!) దానిని తెచ్చిన యామెయు తప్పుపట్టక, "మావాఁ డీ మాట యెన్నఁడును వినలేదఁట, అర్థము చెప్పెదవా?" యని యడిగెను. బాలిక పంతులమ్మవలె సర్దుకొని కూర్చుండి చెప్పెను! కుక్క యక్షరములు నేర్పఁజాలదు, నిజమే, బెదురు తీర్చును. మేము చూచుచుండఁగనే యామె యింకొక పుట త్రిప్పినది.