అంట్లగిన్నెలు చెప్పే కథ

ఒకింట్లోవాళ్లు మధ్యాహ్నం ఏం తిన్నారో తెలుసుకోవాలంటే వాళ్లని అడగక్కర్లేదు. పెరట్లో అంట్లగిన్నెలు చూస్తే చాలు. "ఏదో ఇంత చారన్నం, వదినా!" అని నోరు చెప్పినా, గిన్నె అడుగున అంటుకున్న జీడిపప్పు నిజం చెప్పేస్తుంది. ఈ విద్యకి మనకెవరూ పట్టా ఇవ్వలేదు గానీ, ఇదే విద్య పట్టుకుని కొందరు 44 లక్షల ఏళ్ల కిందటి కాపురాన్ని కళ్లకి కట్టించారంటే నమ్ముతారా?

మా మనవరాలి పుస్తకంలో ఆదిమానవుడి బొమ్మ ఒకటుంది. ఎండిన గడ్డిమైదానం, మధ్యలో బల్లెం పట్టుకుని నిటారుగా నిలబడ్డ మగాడు. "అమ్మమ్మా, వీళ్లావిడ ఏదీ?" అంది పిల్ల. "వంటింట్లో ఉండుంటుందిలే" అన్నారు మావారు పేపరు వెనకనుంచి. నిప్పు రాజెయ్యడమే తెలియని రోజుల్లో వంటిల్లెక్కడిదండీ!

అసలా బొమ్మ వెనక పెద్ద కథే ఉంది. దక్షిణాఫ్రికాలో దొరికిన ఒక పసివాడి పుర్రెని 1925లో లోకానికి పరిచయం చేసిన రేమండ్ డార్ట్, చెట్లు లేని ఆరుబయలు నేలే మనిషికి తెలివి నేర్పిందన్నాడు. అడవులు తరిగిపోతే మన పూర్వీకులు విధిలేక గడ్డిలోకి దిగి, రెండు కాళ్లమీద నిలబడ్డారనే కథ అలా బలపడి, చాలాకాలం చెల్లుబాటైంది.

దానికి అడ్డం పడింది ఒక ఆడమనిషి. ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో అరామిస్ అనే చోట 1994లో ఆవిడ అస్థిపంజరం బయటపడింది. ముద్దుపేరు ఆర్డీ. సుమారు నాలుగడుగుల పొడుగు, యాభై కిలోల బరువు. కింద ఒక అగ్నిపర్వతపు బూడిద పొర, పైన ఇంకొకటి, మధ్యలో ఆవిడ. ఆ పొరలవల్లే వయసు లెక్క తేలింది. ఎముకలు ముట్టుకుంటే పొడిపొడి అయ్యేవట. వాటిని ఏరి, అతికి, చదివి, 2009లో గానీ పూర్తి వివరాలు ప్రకటించలేకపోయారు. నడుము ఎముకలు చూస్తే నేలమీద రెండు కాళ్లతో నడిచే మనిషి. కాలి బొటనవేలు చూస్తే కొమ్మని పట్టుకోగలిగేలా పక్కకి విడిపోయి ఉంది!

మరి ఆవిడ ఇల్లూ వాకిలీ ఎలా ఉండేవి? ఇవాళ అక్కడ చూస్తే ఎండా, రాళ్లూ తప్ప ఏమీ కనబడదు. అందుకని అంట్లగిన్నెలు వెతికారు. పెద్ద ఎముకలతో సరిపెట్టుకోకుండా నేలని జల్లెడ పట్టి గింజలూ, ఎలుకపళ్లూ, పిట్టల ఎముకలూ అన్నీ ఏరారు. గుడ్లగూబ ఎలుకని మింగి, అరగని ఎముకల్ని ఉండచేసి కక్కేస్తుంది చూడండి, ఆ ఎంగిలి కూడా సాక్ష్యానికి పనికొచ్చింది. ఆకులు తినే కొలోబస్ కోతులూ, మెలికల కొమ్ముల కూడూ జింకలూ కుప్పలుగా దొరికాయి. చిలకలున్నాయి, నెమలి జాతి పక్షులున్నాయి. మర్రి కుటుంబపు అత్తిచెట్ల కలప, తాటి కుటుంబపు చెట్ల ఆనవాళ్లు ఉన్నాయి. అంటే ఆవిడ తిరిగింది బోడి మైదానంలో కాదు, చెట్ల నీడలోనని తేల్చారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది పళ్ల సంగతి. చెట్లూ పొదలూ గాలిలోని కార్బన్‌ని తీసుకునే పద్ధతి ఒకటి, వేడిదేశాల గడ్డి తీసుకునే పద్ధతి ఇంకొకటి. గడ్డిలో బరువు కార్బన్ పాలు రవ్వంత ఎక్కువ. మన వంటింట్లోనే చూడండి: వరి, గోధుమ, కందిపప్పు, మామిడి మొదటి లెక్కలోకొస్తాయి, జొన్న, సజ్జ, రాగి, చెరకు రెండోదాంట్లోకి. తిన్నదాని గుర్తు పంటిమీది ఎనామిల్‌లో నిలిచిపోతుంది. ఆర్డీ జాతివాళ్ల పళ్లు పరీక్షిస్తే, ఎక్కువగా చెట్లూ పొదలూ ఇచ్చిన తిండే తిన్నారనీ, గడ్డి వైపు తిండి కొద్దిగానే ఉందనీ తేలింది.

అంతటితో తగువు తీరిపోయిందనుకునేరు! 2010లో థ్యూర్ సెర్లింగ్, ఆయన తోటివాళ్లు అక్కడి మట్టినే సాక్ష్యానికి పిలిచారు. ఆ లెక్కన చెట్ల నీడ నేలలో నాలుగోవంతుకి మించదనీ, మిగతాదంతా గడ్డేననీ వాదించారు. అటువైపు వాళ్లు ఒప్పుకోలేదు. ఒకే గిన్నె చూసి అత్తగారు ఒకటీ, కోడలు ఒకటీ చెప్పినట్టే. ఒక ఊరి చివర తోపూ, పక్కనే పచ్చిక బయలూ ఉండడం మనకేం వింతా?

ఇంతకీ రెండు కాళ్ల నడక ఎందుకొచ్చిందంటే, మగవాడు ఆడవాళ్లకీ పిల్లలకీ తిండి చేతుల్లో మోసుకు రావడంవల్లే కావచ్చని ఓవెన్ లవ్‌జాయ్ ఊహ. ఇది వినిపించి మావారి చేతికి కూరల సంచీ ఇచ్చాను. "దానికి సాక్ష్యం ఏమిటో?" అన్నారు. ఆ మాట మాత్రం సబబే. ఏం తిన్నారో పన్ను చెబుతుంది గానీ ఎవరు తెచ్చారో చెప్పదు. తెచ్చినవాళ్ల పేరూ, పెట్టినవాళ్ల పేరూ మిగలవు. బొమ్మలో బల్లెం పెట్టాలో, బుట్ట పెట్టాలో గీసేవాళ్ల ఇష్టమే అయిపోతుంది. అందుకే బొమ్మని కాస్త అనుమానంగానూ, పన్నుని కాస్త నమ్మకంగానూ చూడమని మా పిల్లకి చెప్పాను.

పైగా ఎనామిల్ చిన్నతనంలోనే తయారై ఆగిపోతుంది. ఆ తరవాత ఎన్ని విందులు తిన్నా అందులోకి చేరవు. ఎవరి పంట్లోనైనా ఉండేది పసితనంలో తిన్న ముద్దే. బల్లెం పట్టిన చేతి జాడ అరామిస్ మట్టిలో దొరకలేదు. ఏ చెట్టుకిందో ఏ తల్లో బిడ్డ నోట్లో పెట్టిన పండు జాడ మాత్రం 44 లక్షల ఏళ్లూ చెక్కుచెదరకుండా ఉంది.