విగ్రహవాక్యం

మా చెల్లెలి కొడుకు అంబర్‌పేటలో ఆరు నంబరు చౌరస్తా దగ్గర దర్జీ. పన్నెండేళ్ళ వయసు నుంచి మూర్ఛ. కింద పడి కొట్టుకునే రకం కాదు. కత్తెర చేతిలో ఉండగానే చూపు నిలిచిపోయేది. పెదవులు చప్పరిస్తూ ఎడమచేత్తో గుడ్డను నలిపేవాడు. రెండు నిమిషాలకు తేరుకొని, "ఏమయింది మామయ్యా?" అనేవాడు. మూడు రకాల మందులు మింగినా నెలకు ఐదారుసార్లు తప్పేది కాదు.

శస్త్రచికిత్స చేయించుకొమ్మని పట్టుబట్టినవాణ్ణి నేనే. కెనడాలో ఇటువంటి రోగులు 80 మందిపై జరిగిన పరిశోధన ఒకటి 2001లో వెలువడింది. ఏడాది తరువాత చూస్తే, శస్త్రచికిత్సకు ఎంపికైన వారిలో నూటికి 58 మందికి స్పృహ తప్పే మూర్ఛలు లేవు. మందులతోనే ఉంచిన వారిలో నూటికి 8 మందికే. ఆ లెక్క చూపి వాణ్ణి ఒప్పించాను. డాక్టరుగారు ఏమీ దాచలేదు. ఎడమ కణత లోపలి భాగం కొంత తీస్తామనీ, కుడిచేతివాటం వారికి భాష సాధారణంగా ఆ వైపే ఉంటుందనీ, పేర్లు తోచటం కష్టం కావచ్చుననీ చెప్పారు. "పేర్లే కదా" అన్నాను. జీవితమంతా నామవాచకాలు బోధించినవాడు అనవలసిన మాటేనా అది!

మూర్ఛలు ఆగాయి. ఇంటికి వచ్చిన రోజు నాలుగేళ్ళ కూతురు ఎదురుగా నిలబడి, "నా పేరు చెప్పు నాన్నా" అంది. వాడు దాన్ని దగ్గరకు తీసుకొని, "నా బంగారం" అన్నాడు. అది మారాం చేసి మళ్ళీ అడిగింది. వాడు నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదలలేదు.

విభక్తులు చెదరలేదు, క్రియలు చెదరలేదు. వస్తువు ఏమిటో, దేనికి వాడతారో తెలుసు. పేరు మాత్రం రాదు. గుండీ చూపితే "చొక్కా మూసేది" అంటాడు. దుకాణానికి వచ్చిన వారికి నన్ను చూపి "వీరు మా... మా అమ్మకు అన్న" అన్నాడు. బడిలో నా శిష్యులు సమాసం పేరు ఠకీమని చెప్పి, విగ్రహవాక్యం అడిగితే నీళ్ళు నమిలేవారు. వీడు విగ్రహవాక్యం చెప్పి, పదం దగ్గర ఆగిపోతున్నాడు.

ఒకనాడు "కత్తెర" రాక తడుముకొని, "కైంచీ" అన్నాడు. మాకిద్దరికీ నవ్వు వచ్చింది. మెలకువగా ఉన్న రోగి మెదడుపై అక్కడక్కడ సన్నని విద్యుత్తు తాకిస్తూ బొమ్మల పేర్లు అడిగితే, కొన్ని చోట్ల ఒక భాషలోని పేరు మాత్రమే ఆగి, రెండవ భాషలోది పలుకుతుందని ఓజమన్, విటేకర్ అనే ఇద్దరు 1978లోనే ప్రకటించారట. రెండు భాషల నడుమ పెరిగిన హైదరాబాదువాడికి అదొక అదృష్టం. ఉప్పల్‌లో ఆటో ఎక్కి ఊరి పేరు తోచకపోతే "ఆరు నంబరు" అని గట్టెక్కాడు కూడా.

ఆయుర్వేదం ఈ వ్యాధిని అపస్మారం అన్నది. స్మృతి తొలగిపోవటం అని అర్థం. పాఠం చెప్పేటప్పుడు ఎన్నోసార్లు విడదీసి చూపిన పదమే. ఇప్పుడు వాడికి వ్యాధి పోయింది, ఆ పదానికున్న అర్థం మిగిలింది.

మొన్న ఆదివారం అడిగేశాను: "నా మాట విని తప్పు చేశావేమోరా?"

"లేదు మామయ్యా. ఇప్పుడు పాపను బడికి నేనే దింపుతున్నాను, ఆ... రెండు చక్రాలది..."

"బండి, తాతా!" అని లోపలినుంచి అరిచింది పాప.