జేబులో పట్టేదేది?

మన హీరోలకి తుపాకీ దాచుకునే బాధ లేదు. 1971లో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణ దాన్ని దర్జాగా నడుముకే కట్టుకున్నాడు!

మా నల్లగొండ మిత్రుడి సంగతి వేరు. భూముల వ్యాపారం, బెదిరింపు ఫోన్లు. ఎట్టకేలకు లైసెన్సు వచ్చింది. “అన్నా, కనబడకుండ పెట్టుకునేది ఏది తీస్కోవాలె?” అన్నాడు.

ఎంచుకోవడానికి ఎన్నున్నాయి గనక? 9 ఎం.ఎం. మామూలు జనానికి నిషిద్ధం. .32 బోరులో సర్కారు ఫ్యాక్టరీల ‘అశని’ పిస్తోలుంది, 2014లో వచ్చిన అరకిలో ‘నిర్భీక్’ రివాల్వరుంది. పిస్తోలు పలచన, నడుముకి అతుక్కుపోతుంది. రివాల్వరు డ్రమ్ము చొక్కా కింద ఉబ్బుతుంది. అయితే తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గరు నొక్కడమే, తర్వాతి తూటా వస్తుంది. పిస్తోలుకైతే స్లైడు వెనక్కి లాగాలి. వణికే చేతులతో అది అయ్యే పనేనా? రివాల్వరే మేలన్నాను.

“మరి ఎలక్షన్లప్పుడో?”

అసలు చిక్కు అదే! ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పజెప్పమంటారు. ఊళ్లో పగలు రాజుకునే రోజుల్లోనే జేబు ఖాళీ!

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. “పద, ముందు ఆ ఫోన్ల మీద ఫిర్యాదు రాసిద్దాం” అన్నాను. చెప్పులేసుకున్నాడు.