ఏ ఇల్లు?

తిరుపతిలో ఎవరూ "తిరుమలకి వెళ్లొచ్చాం" అనరు. "కొండకు పోయొచ్చినాం" అంటారు. ఊరందరికీ కొండంటే ఒకటే కనక పొరపాటు రాదు. నా పొట్టిపేరుతోనే వచ్చింది చిక్కంతా.

నా నవల రాతప్రతులు కలగాపులగం అవుతుంటే చూడలేక, ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి కిందటి సెలవుల్లో నా కంప్యూటర్లో గిట్ పెట్టాడు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఆయన లినక్స్ పని కోసం తయారుచేశాడట. ప్రోగ్రాములు రాసేవాళ్ల సరంజామా! అయితేనేం, రాసింది రాసినట్టు దాస్తుంది, ఒకే కథని రెండు కొమ్మలుగా నడుపుకోనిస్తుంది. నా కథానాయిక ఒక కొమ్మలో పుట్టింటికి వెళ్లిపోతుంది, ఇంకోదాంట్లో అత్తింట్లోనే ఉండిపోతుంది. ఎటూ తేల్చుకోలేక రెండూ పెట్టుకున్నాను.

నేను పెట్టిన పేర్లు బారెడేసి. కొమ్మ మారినప్పుడల్లా 'గిట్ చెకవుట్' అని కొట్టి, ఆ పేరంతా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఒక్క అక్షరం తప్పినా ఒప్పుకోదు. "ఏలియాస్ పెడతాలేమ్మా" అన్నాడు వాడు. పొడుగాటి ఆజ్ఞకి ముద్దుపేరన్న మాట. "అయితే 'ఇల్లు' అని పెట్టు" అన్నాను. కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క వరస రాసి హాస్టలుకి వెళ్లిపోయాడు.

మూడు రాత్రులు 'గిట్ ఇల్లు' అని కొట్టి కూర్చుని, ఆవిడ చిత్తూరు బస్సెక్కే ఘట్టం రాశాను. చీలింది చివరి ప్రకరణం దగ్గరే కనక రెండు కొమ్మలూ చూడ్డానికి ఒక్కలాగే ఉన్నాయి. నాలుగోరోజు 'గిట్ బ్రాంచ్' అని కొడితే, మనమున్న కొమ్మ పక్కన చుక్క చూపిస్తుంది కదా, ఆ చుక్క అత్తింటి పక్కన ఉంది!

ఫోన్ చేశాను. "ఇల్లంటే మనిల్లే కదమ్మా, తిరుపతిది. నువ్వేదనుకున్నావ్?" అన్నాడు.

ఏం చెప్పను? పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఇక్కడి నించి చిత్తూరు డెబ్భై కిలోమీటర్లు. 2022లో జిల్లాలు కూడా వేరయ్యాయి. అమ్మ పోయాక అన్నయ్య ఆ ఇల్లు అమ్మేసి ఆరేళ్లయింది. అయినా నా నోట ఇల్లంటే ఆ వేపచెట్టు వాకిలే.

చెర్రీ పిక్ అనే ఆజ్ఞ ఫోన్లోనే చెప్పి, ఆ పేజీల్ని పుట్టింటి కొమ్మకి తెప్పించాడు. (చిత్తూరు జిల్లాలో పుట్టుంటే దానికి మామిడి అంటు అని పేరు పెట్టేవాళ్లు.)

"మరి 'ఇల్లు'ని చిత్తూరుకి మార్చెయ్యనా?" అన్నాడు.

పక్కగదిలో మావారి పేపరు చప్పుడు ఆగింది.

"వద్దులే నాయనా, ఆ పేరే తీసెయ్. పొడుగుపేరే కొట్టుకుంటా" అన్నాను.