చూపు ఎటైతే బండి అటే

ట్రాక్ డేకి వెళ్తున్నా అంటే హాస్టల్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "టాప్ స్పీడ్ ఎంత కొడతావ్?" నిజం చెప్పాలంటే రెండు నెలల ప్రాక్టీసులో నేను 40 దాటలేదు.

వచ్చే నెల చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మొదటిసారి ట్రాక్ మీదకి దిగాలి. అక్కడ ఒక రౌండు దాదాపు 3.7 కిలోమీటర్లు. దానికోసం ఇంటికెళ్లిన ప్రతి ఆదివారం మా ఊరి మార్కెట్ యార్డులో ప్రాక్టీసు. మొదటి పని చీపురు పట్టడం. సిమెంటు మీద రాలిన వడ్లు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. తర్వాత వాటర్ బాటిళ్లలో ఇసుక పోసి నిలబెడతాం. కోన్లు కొనాల్సిన డబ్బు గ్లవ్స్‌కి పోయింది లెండి.

నేర్పేది మా పెద్దమ్మ కొడుకు. మూడేళ్ల క్రితం అన్నయ్య హైవే మలుపులో ఎదురొచ్చిన పాల వ్యాన్‌ని గుద్దాడు. తప్పించుకోడానికి ఎడమవైపు బోలెడు చోటుంది. కానీ కళ్లు వ్యాన్ మీదే అతుక్కుపోయాయట. భయపడినదాన్నే చూస్తాం, చూసినవైపే బండి పోతుంది. టార్గెట్ ఫిక్సేషన్ అంటారు దీన్ని. ఇప్పుడు కుడి మోకాలు సరిగ్గా మడవలేడు, బండెక్కడు. గోడ మీద కూర్చుని "కళ్లురా, కళ్లు!" అని అరుస్తుంటాడు.

రెండు బాటిళ్ల చుట్టూ 8 అంకె వేయాలి. మొదటి గేరు, సగం పట్టిన క్లచ్, వెనక బ్రేకు మీద ఆనించిన కాలు. బాటిల్ని చూశామా, బాటిల్నే తొక్కుతాం. గడ్డాన్ని భుజం మీదకి తిప్పి, వెళ్లాల్సిన చోటు చూస్తే బండి దానంతటదే తిరుగుతుంది. చెప్పడం తేలికే, మెడ మాట వినడానికి మూడు ఆదివారాలు పట్టింది.

నాకు బాగా నచ్చింది బ్రేకింగ్. ముందు బ్రేకుని ఒక్కసారిగా లాగకూడదు, నిమ్మకాయ పిండినట్టు పిండుతూ పోవాలి. బరువు ముందుకొచ్చి టైరుని నేలకి అదిమాక గట్టిగా పట్టినా తట్టుకుంటుంది. అది రాకముందే లాగితే చక్రం జారుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగు రెట్లని ఇంటర్ ఫిజిక్స్‌లో రాశాం, మార్కులూ వచ్చాయి. 20లో ఆగిన చోట, 40లో ఆగిన చోట సుద్దగీతలు గీసి అడుగులతో కొలిస్తే గానీ నాకది తలకెక్కలేదు.

ఇంట్లో బండిని స్టాండ్ మీద పెట్టి, మోకాళ్లతో ట్యాంకుని బిగించి, చేతులు వదులుగా ఉంచి కూర్చోవడం ఇంకో డ్రిల్. కదలని బండి మీద అరగంట కూర్చున్న కొడుకుని చూసి అమ్మ ఏమనుకుందో!

అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. పోయిన ఆదివారం చెప్పకుండా యార్డుకొచ్చి, అన్నయ్య పక్కన నిలబడి చాలాసేపు చూసింది.

"అక్కడ ఎదురుగా బండ్లొస్తాయా?" అని అడిగింది.

"రావు పిన్నీ. అందరూ ఒకే వైపు వెళ్తారు."

అమ్మ ఏం మాట్లాడలేదు. పడిపోయిన బాటిల్ ఒకటి తీసి నిలబెట్టి, "ఇంకోసారి తిరుగు, చూస్తా" అంది.