బ్లూ లైన్‌లో బాలయాజ్ వేట

హైదరాబాద్‌లో జుట్టు రంగులు చూడాలంటే ఇన్‌స్టాగ్రామ్ కంటే మెట్రో నయం. సాయంత్రం ఆరయ్యాక అమీర్‌పేటలో బ్లూ లైన్ ఎక్కి, లేడీస్ వైపు నిలబడండి. అక్కడ ఫిల్టర్లుండవు. పై నుంచి పడే తెల్లటి లైటు కింద ఎవరి రంగు ఎలా దిగిందో, ఎవరికి కుదుళ్ల దగ్గర గీత పడిందో అంతా బయటపడుతుంది.

మా పిన్ని కూతురికి రాయదుర్గంలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో జుట్టు పైన నలుపు, కిందికి పోయేకొద్దీ బూడిద ఛాయ గోధుమ రంగు కావాలంది. నడుము దాకా ఉన్న జడ. చిన్నప్పట్నుంచీ అమ్మమ్మ నూనె పెట్టి పెంచింది. పాడైతే మళ్లీ అంత పెరగడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఒక శనివారం ఇద్దరం మెట్రో కార్డులు రీఛార్జ్ చేసుకుని బయల్దేరాం.

మైత్రీవనం వెనక సందుల్లో కోచింగ్ బోర్డులు ఎన్నో, వాటి మధ్య పార్లర్ బోర్డులూ అన్ని ఉన్నాయి. మేం వెళ్లినచోట చూపించింది ఓంబ్రే. సగం నుంచి కిందంతా ఒకేలా బ్లీచ్ చేసేస్తారు. ఖర్చు తక్కువ, గంటల్లో పని అయిపోతుంది. కానీ మన నల్లజుట్టు మీద ఆ మార్పు మెత్తగా కలవకపోతే, జడని సగం దాకా రంగు డబ్బాలో ముంచి తీసినట్టుంటుంది. మెట్రోలో అలాంటివి రెండు చూశాం కూడా.

అక్కడి నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్. రోడ్ నంబర్ 36లో అద్దాల సెలూన్. కాఫీ ఇచ్చి మరీ బాలయాజ్ గురించి చెప్పారు. ఊడ్చడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట అది. 1970ల్లో ప్యారిస్‌లోని కరీటా సెలూన్‌తో పేరుపడింది. జుట్టు పాయల మీద బ్రష్‌తో, పైన పలుచగా, చివర్లలో చిక్కగా బ్లీచ్ అద్దుతారు. కుదుళ్లని ముట్టుకోరు కాబట్టి జుట్టు పెరిగినా గీత పడదు. మూడు నాలుగు నెలలు సెలూన్ మొహం చూడకపోయినా నడుస్తుంది. కుదుళ్ల దాకా వేసే హైలైట్స్‌కైతే రెండు నెలలకోసారి రావాల్సిందే. కొత్త ఉద్యోగస్తులు ఇది లెక్కలోకి తీసుకోవాలి.

అయితే అక్కడ పుట్టిన పద్ధతి గోధుమ రంగు జుట్టుకి సుఖం. మన నలుపు మొండిది. బ్లీచ్ పడగానే ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాతే పసుపు. నారింజ దగ్గర ఆగిపోతే నీలం టోనర్, పసుపు దాకా వస్తే వంకాయ రంగు టోనర్ వేసి సర్దుతారు. బూడిద ఛాయ కావాలంటే పసుపు దాకా పోక తప్పదు. బాలయాజ్ పాయలకే ఫాయిల్ చుట్టి ఇంకాస్త తేలిక చేయడం ఒక దారి. ఒక్కోసారి రెండు సిట్టింగులు పడతాయి.

ఇదంతా చెప్పినవాళ్లు ఒక్క ప్రశ్న అడగలేదు. దాన్ని అడిగింది మాదాపూర్ స్టేషన్ దగ్గర రెండు కుర్చీల సెలూన్లో ఒకావిడ: "ఇంతకుముందు జుట్టుకి ఏం పెట్టావమ్మా?"

హాస్టల్లో ఉన్న మూడేళ్లూ నెలనెలా హెన్నా ప్యాకెట్. ఆపి ఏడాదయింది. జుట్టు నెలకి సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది కాబట్టి, కుదుళ్ల దగ్గర జానెడు కూడా లేదు శుభ్రమైన జుట్టు. తేలిక రంగు కావాల్సిన చివర్లలోనే పాత హెన్నా అంతా ఉంది. కొన్ని ప్యాకెట్లలో లోహ లవణాలు కలుస్తాయి. వాటికి పెరాక్సైడ్ తగిలితే జుట్టు వేడెక్కి తెగిపోవచ్చు. ఏ సెలూన్‌లో ఎంత డబ్బు పోసినా దీని ముందు దిగదుడుపే!

ఆవిడ మెడ వెనక చిన్న పాయ కత్తిరించి బ్లీచ్ పూసి పక్కన పెట్టింది. మోచేతి మడతలో రంగు చుక్క రాసి, 48 గంటలు దురద వస్తుందేమో చూసుకోమంది. మేం పక్క బండి దగ్గర మిర్చీ బజ్జీలు తినొచ్చేసరికి పాయ తెగలేదు, సాగలేదు. కానీ మండే నారింజ దగ్గర ఆగిపోయింది.

"బూడిద రంగు కోసం ఇంకా లాగితే జుట్టు పీచవుతుంది. రాగి రంగు బాలయాజ్ అయితే ఇప్పుడే చేస్తా. లేదంటే ఏడాదిన్నర ఆగి, కింద కత్తిరించుకుని రా" అంది.

మా చెల్లి చాలాసేపు అద్దంలో చూసుకుంది. "రాగే చెయ్యండక్కా" అంది చివరికి.

తర్వాతి వారం నాలుగు గంటలు పట్టింది. సల్ఫేట్ లేని షాంపూ వాడమన్నారు. హాస్టల్లో బోరు నీళ్లయితే ఆఖరి చెంబు ఫిల్టర్ నీళ్లు పోసుకోమన్నారు, ఉప్పునీటికి రంగు మాసిపోతుందట. తిరుగు ప్రయాణంలో మెట్రోలో ఇద్దరు అడిగారు, ఎక్కడ చేయించారని.

రాత్రి వీడియో కాల్‌లో అమ్మమ్మ కళ్లద్దాలు సవరించుకుని చూసి, "గోరింటాకు బాగా పండిందే!" అంది.